కళాశాలలలో బాలికల మొఱ వినువారెవ్వరు?

మా కళాశాలలో నట్టి ఫిర్యాదు ఒక్కటియు రాలేదని చెప్పుకొనుట నేటి విద్యాధికారులలో ననేకులకు గొప్పతనముగా నున్నది. ఏటేట పై యధికారులకు పంపవలసిన నివేదికలో లైంగిక వేధింపుల గడికెదుట సున్న చుట్టి, ఆ సున్నను చూచి తామే మురిసిపోవుచున్నారు. వేలకొలది విద్యార్థులు, వందలకొలది యుపాధ్యాయులు, గుమాస్తాలు, కావలివారు, బస్సు నడుపువారు ఒక్క యావరణలో మెలగుచుండగా సంవత్సరమున కొక్క యపచారమైనను జరుగలేదనుట నమ్మదగిన మాటయేనా? వైద్యశాల లేని యూర రోగుల పట్టీ శూన్యముగానే యుండును. అంతమాత్రమున ఆ యూర జ్వరమే లేదని సంతసింపవచ్చునా? ఫిర్యాదు రాని కళాశాలలో అపచారము లేదనుటకంటె, వినువారు లేరనుట సత్యమునకు సమీపమని మా యభిప్రాయము.

ఈ మాట మేము దూరదేశములను గూర్చి చెప్పుట లేదు. తిరుపతి నేడు యాత్రాస్థలము మాత్రమే కాదు, విద్యాస్థలము కూడను. 1945లో శ్రీ వేంకటేశ్వర కళాశాల, 1952లో బాలికలకై శ్రీ పద్మావతీ కళాశాల, 1954లో విశ్వవిద్యాలయము, 1960లో వైద్యకళాశాల, 1983లో మహిళా విశ్వవిద్యాలయము, 2015లో ఐ.ఐ.టి. ఇట్లు ఒకదాని వెనుక నొకటి వెలసినవి. ఇవిగాక పట్టణమున వీధివీధిని ఇంటర్మీడియెటు కళాశాలలును, ప్రైవేటు హాస్టళ్లును గలవు. పుంగనూరు, పలమనేరు, పీలేరు, సత్యవేడు ప్రాంతముల పల్లెలనుండి ఇంటిలో తొలి చదువరులైన బాలికలు పెట్టెయు పరుపుచుట్టయు గొని ఇచటికి వచ్చుచున్నారు. పాడి యమ్మియో, మామిడితోట కుదువబెట్టియో తండ్రి కట్టిన ఫీజు వారి వెనుక నున్నది. ఈ సంగతి మఱచినవారికి ఆ బాలికల మౌనము బోధపడదు.

అట్టి బాలిక నొక యుపాధ్యాయుడు రికార్డుపై సంతకము పెట్టు నెపమున సాయంకాలము గదికి పిలిచి చేయి పట్టుకొన్నాడనుకొందము. ఆమె యెవరితో చెప్పుకొనవలెను? ఇంటర్నల్ మార్కులు ఆతని చేతిలో నున్నవి; వైవాలో ప్రశ్న లడుగువాడాతడే; పరిశోధక విద్యార్థిని యైనచో గైడు సంతకము లేక ఫెలోషిప్పు సొమ్ము చేతికి రాదు. తోడి విద్యార్థినులతో చెప్పినచో మఱునాటికి కళాశాల యంతయు తెలియును. వార్డెనుతో చెప్పినచో ఆమె మొదట అడుగు ప్రశ్న, 'ఆ వేళ నీ వచటికేల పోతివి?' యని. ఇక ఇంటికి టెలిఫోను చేసినచో? పాఠకులారా, ఇచట మనము కొంచెము నిలిచి మన యిండ్లను జూచుకొనవలసి యున్నది. తండ్రి కోపించును, కాని ఆ కోపము నేరస్థునిపైకి పోవుటకు మునుపే బిడ్డ చదువుపైకి పోవును. 'చదివినది చాలు, ఇంటికి రమ్మా' యని మఱునాడే వచ్చి పెట్టె సర్దించును. మూడు నెలలలో సంబంధము కుదుర్చును. పల్లెలో కారణ మేమని యడిగినవారికి పిల్లకు పట్టణపు నీరు పడలేదని చెప్పును. చేయి పట్టుకొన్నవాడు యథాప్రకారము పాఠము చెప్పుచునే యుండును. చదువు పోయినది బాలికకు. నేరము ఒకరిది, శిక్ష మఱియొకరిది. ఈ శిక్షను విధించునది న్యాయస్థానము కాదు, ప్రేమగల తలిదండ్రులు. ఈ సంగతి ఆ బాలికకు ముందే తెలియును. కనుకనే ఆమె నోరు విప్పదు. ఆమె మౌనమును సిగ్గని, భయమని అధికారులు వర్ణించుచున్నారు. మాకు అది లెక్క తెలిసిన విద్యార్థిని వేసికొన్న సరియైన లెక్కగా గనబడుచున్నది.

నోరు విప్పినవారి గతియైన మేలుగా నున్నదా? తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్యకళాశాలలో పై చదువు చదువుచుండిన యొక యువ వైద్యురాలు తన్ను ఆచార్యులు వేధించుచున్నారని 2018లో రాష్ట్ర గవర్నరువఱకు మొఱ పెట్టుకొనెను. విచారణలు నడచినవి. ఆ ఆగస్టులో ఆమె ప్రాణములు తీసికొనెను. అటుపిమ్మట విద్యార్థులు రోడ్డెక్కిరి, ప్రభుత్వము సి.ఐ.డి. విచారణకు ఆజ్ఞాపించెను. ఎవరు దోషులు, ఎంత దోషులు అనునది నిర్ణయించుట మా పని కాదు. దాని జోలికి మేము పోము. మే మడుగునది వేఱు. మొఱ పెట్టిన దినమునుండి ప్రాణము విడిచిన దినమువఱకు నడచిన ఆ నెలలలో, ప్రతిదినము ఆమెను పలుకరించి, 'నేడెట్లున్నావమ్మా, నిన్న నిద్ర పట్టినదా, వార్డులో నిన్నెవరైన నేమైన అనిరా?' యని యడుగుటకు జీతము పుచ్చుకొను మనిషి ఏ కళాశాలలోనైనను ఒక్కతెయైనను నియమింపబడి యున్నదా? విచారణ సంఘములో సభ్యులుందురు. సభ్యులు సమావేశమున కూర్చుందురు. సమావేశము ముగిసిన పిమ్మట రాత్రి హాస్టలు గదిలో ఆ బాలిక యొంటరిగా కూర్చుండును.

2025 జూలైలో ఒరిస్సా బాలేశ్వరములోని ఫకీర్ మోహన్ కళాశాల విద్యార్థిని సంగతియు దేశ మెల్ల నెఱిగినదే. ఆమెయు ఫిర్యాదు చేసినదే. అచటను సంఘ మున్నదే. ఆ బాలిక కళాశాల ఆవరణలోనే తన్ను తాను బలియిచ్చుకొన్న పిమ్మట గాని పెద్దల కన్నులు తెఱవబడలేదు.

చట్టము లేదా యన్నచో, కావలసినంత యున్నది. రాజస్థానములో బాల్యవివాహముల నాపబోయిన యొక గ్రామసేవికపై 1992లో జరిగిన ఘోరము మూలముగా సుప్రీము కోర్టు 1997 ఆగస్టు 13న విశాఖా తీర్పు చెప్పెను. ఆ తీర్పు చట్టముగా మాఱుటకు పదునాఱేండ్లు పట్టి, 2013 డిసెంబరు 9న అమలులోనికి వచ్చెను. విద్యార్థినులకు గూడ ఆ రక్షణ వర్తించునట్లు విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారు 2016 మే నెలలో నిబంధనలను ప్రకటించిరి. ఈ నిబంధనలు చదువదగినవి. కళాశాలలో అంతర్గత సంఘ ముండవలెను. దానికి హోదాగల యధ్యాపకురాలు అధ్యక్షురాలుగా నుండవలెను. సభ్యులలో సగమునకు తక్కువ గాకుండ స్త్రీ లుండవలెను. విద్యార్థులకు సంబంధించిన విషయమైనచో ఎన్నుకొనబడిన మువ్వురు విద్యార్థులు కూర్చుండవలెను. వెలుపలి సేవాసంస్థనుండి యొకరుండవలెను. వైస్‌ఛాన్సలరు, రిజిస్ట్రారు, డీను, శాఖాధ్యక్షుడు మొదలగు అధికారు లందు సభ్యులు కారాదు. తొంబది దినములలో విచారణ ముగియవలెను. విచారణ జరుగునంత కాలము నిందితుడు ఫిర్యాది పత్రములు దిద్దకుండ ఏర్పాటు చేయవచ్చును. బాలురును, తృతీయ ప్రకృతివారును కూడ ఇట్టి బాధలకు లోనగుదురని ఆ నిబంధనలే యొప్పుకొన్నవి. ఇంత చక్కని నిబంధనలు!

అయినను 2023 మే నెలలో సుప్రీము కోర్టువారు గోవా విశ్వవిద్యాలయమునకు సంబంధించిన యొక వ్యాజ్యములో తీర్పు చెప్పుచు, చట్టము వచ్చి పదేండ్లయినను దాని యమలులో ఘోరమైన లోపములున్నవని విచారపడిరి. దేశములోని 30 జాతీయ క్రీడాసమాఖ్యలలో 16 సమాఖ్యలకు ఇట్టి సంఘమే లేదన్న పత్రికావార్త నా తీర్పులో నుదాహరించిరి. ఇక కళాశాలల సంగతి చెప్పనేల?

మా వాదమున కసలు స్థానము ఇక్కడ నున్నది. సంఘము లేకుండుట యొక దోషము. కాని సంఘ మున్నచోట సర్వము సమకూరినదని తలచుట అంతకంటె పెద్ద దోషము. సంఘ మనునది న్యాయసభ. అది ఇరుపక్షముల మాటలను వినవలెను, సాక్ష్యము నడుగవలెను, ఫిర్యాదికిని నిందితునికిని సమదూరమున నుండవలెను. అట్లుండుటయే దాని ధర్మము. కాని బాధితురాలికి సమదూరమున నుండువారితోబాటు తన ప్రక్కనుండువా రొకరు కావలెను. న్యాయమూర్తియే వకీలుగా, వకీలే వైద్యురాలుగా, వైద్యురాలే తల్లిగా నుండవలెనన్నచో ఏ పనియు సరిగా జరుగదు. నేటి కళాశాలలలో జరుగుచున్న దిదియే. పాఠములు చెప్పుకొను అధ్యాపకురాలొక తెకే సంఘాధ్యక్షత, హాస్టలు బాధ్యత, ఎన్.ఎస్.ఎస్., పరీక్షల పని యన్నియు అంటగట్టి, 'మా కళాశాలలో స్త్రీరక్షణకు ఏర్పా టున్న'దని బోర్డు వ్రాయించుచున్నారు.

కావలసిన దేమనగా, ఆ పనికే నియమింపబడి, ఆ పనిలో తరిఫీదు పొంది, నెలజీతముపై నుండు ఉద్యోగినులు. వా రేమి చేయుదురని యడుగువారికై కొంచెము విస్తరించి చెప్పెదము, ఏలయన ఈ పనిని 'నాలుగు ఓదార్పు మాటలు' అనుకొనువారే యెక్కువ.

అత్యాచారము జరిగిన రాత్రి తొలి గంటలలో తెలియవలసిన సంగతులు పెక్కులు గలవు. ఒడలు కడుగుకొనకుండుట, ధరించిన బట్టలను కాగితపు సంచిలో భద్రపఱచుట సాక్ష్యమునకు మేలు. కాని కడుగుకొన్నంతమాత్రమున దారి మూయబడదు. గర్భము రాకుండుటకును, హెచ్.ఐ.వి. సోకకుండుటకును ఇయ్యదగిన మందులు 72 గంటలలోపల, ఎంత త్వరగా మొదలిడిన నంత మేలు. సర్కారు ఆసుపత్రియేగాక ప్రైవేటు ఆసుపత్రియు వెంటనే రుసుము లేకుండ చికిత్స చేయవలెనని చట్టము. 'ముందు పోలీసు కాగితము తెండు' అనుటకు వీలు లేదు. రెండు వ్రేళ్ల పరీక్షయను అనాగరిక కృత్యమును ఆరోగ్యశాఖవారు 2014లోనే వలదనిరి. అది చేసినవారు దుష్ప్రవర్తనకు పాత్రులగుదురని సుప్రీము కోర్టు 2022 అక్టోబరులో తేల్చి చెప్పెను. ఏ పోలీసు ఠాణాలోనైనను, అది వారి హద్దు కాకున్నను, ఫిర్యాదు వ్రాసికొని తీరవలెను. పదునెనిమిదేండ్లు నిండిన యామె పోలీసులయొద్దకు పోవుటయు మానుటయు ఆమె యిష్టము; నిండని బాలిక యైనచో సంగతి తెలిసినవా రెవరైనను తెలియజేసి తీరవలెను, దాచిన సంస్థాధిపతికి 2012 నాటి చట్టము క్రింద ఏడాదివఱకు శిక్ష గలదు. మన ఇంటర్మీడియెటు కళాశాలలలోని బాలికలలో పెక్కురు పదునెనిమిదేండ్లు నిండనివారే యని గుర్తుంచుకొనుడు. ఇవి యన్నియు ఆ రాత్రి వణకుచున్న పందొమ్మిదేండ్ల పిల్ల పుస్తకములు తిరుగవేసి తెలిసికొనవలెనా? ఇంతయు తెలిసి, తొందరపెట్టక, 'నీ వేమి కోరిన నదే చేయుదము' అని చెప్పి, రుయా ఆసుపత్రికి ఆటోలో వెంట పోగల మనిషి కావలదా?

ఆ రాత్రి గడచిన తరువాతిది ఇంకను దీర్ఘమైన పని. హాజరు తగ్గినదని పరీక్షకు కూర్చుండనీయని గుమాస్తాతో మాటలాడుట, గైడును మార్పించుట, నిందితుడు అదే తరగతిలోని విద్యార్థియైనచో ప్రయోగశాల వేళలను వేఱుచేయించుట, ఫిర్యాదు వ్రాయుటలో సాయపడుట, కాని ఆమె మాటలకు బదులు తన మాటలను పెట్టకుండుట, మూడు నెలల గడువు దాటనీయకుండుట, దాటినచో ఇంకొక మూడు నెలలు పొడిగించు వీలున్నదని చెప్పుట, ఆమె కోరినపుడు మాత్రమే తలిదండ్రులతో మాటలాడి, చదువు మాన్పింపకుండ వారిని నిలుపుట. ఈ కడపటి పని యొక్కటి చేయగలిగినను ఆ యుద్యోగిని పుచ్చుకొను జీతము సార్థకమే యని మే మందుము. అన్నిటికంటె ముఖ్యమైనది, తాను విన్న మాటను ప్రిన్సిపాలు అడిగినను బయటపెట్టని స్వాతంత్ర్య మామెకుండుట. నియమించినవారి పరువును కాపాడుటకే నియమింపబడిన మనిషియైనచో, ఆమె చెవి కాదు, గోడకు తగిలించిన మఱియొక కెమెరా.

ఇందులకు వచ్చు ఆక్షేపణలను మే మెఱుగుదుము. మొదటిది డబ్బు. ద్వారతోరణములకును, స్నాతకోత్సవపు పందిళ్లకును, నాక్ తనిఖీవారు వచ్చునపుడు వేయించు సున్నములకును దొరకు డబ్బు ఇరువురు ముగ్గురు ఉద్యోగినుల జీతమునకు దొరకదన్నచో, ఇది బీదతనము కాదు, ఇచ్ఛాలోపము. చిన్న కళాశాలలు నాలుగైదు చేరి యొకరిని నియమించుకొనవచ్చును. కాంట్రాక్టుపై పదునొకండు నెలలకు నియమించి పన్నెండవ నెల తొలగించు పద్ధతి మాత్ర మిచట పనికిరాదు. రేపు తానే యుందునో లేదో తెలియని మనిషి ఆచార్యునికి ఎదురు నిలువజాలదు.

రెండవది అబద్ధపు ఫిర్యాదుల భయము. చట్టము దీనిని మఱువలేదు. దురుద్దేశముతో చేసిన ఫిర్యాదునకు చర్య గలదు. కాని ఋజువు చేయజాలకపోయినంతమాత్రమున అది యబద్ధము కాదనియు అదే చట్టము స్పష్టముగా చెప్పినది. రెండవ సగమును విడిచి మొదటి సగమును మాత్రము నోటీసుబోర్డుపై పెద్ద యక్షరములతో వ్రాయించు పెద్దలు మాకు తెలియును. అంతియేకాదు, మేము కోరుచున్న ఉద్యోగిని తీర్పరి కాదు. ఆమె యొక బాలికను ఆసుపత్రికి గొనిపోయినంతమాత్రమున ఏ నిర్దోషికిని నష్టము రాదు.

మూడవది మిక్కిలి మర్యాదగా కనబడు ఆక్షేపణ: 'సాయంకాలము ఆఱు గంటలకే హాస్టలు తలుపు మూయించుచున్నాము, కెమెరాలు పెట్టించితిమి, ఇంకేమి కావలెను?' అని. రికార్డు దిద్దు గదిలో పగటివేళ జరుగు దానికి హాస్టలు తాళ మేమి చేయును? స్త్రీరక్షణ పేరిట బాలురకు లేని కట్టుబాట్లు బాలికల హాస్టళ్లలో పెట్టరాదని ధనసహాయ సంఘపు నిబంధనలే చెప్పుచున్నవి. మీఱుచున్నవారు ఆ నిబంధనలను అమలు పఱుపవలసినవారే! దొంగను విడిచి ఇంటివారిని గదిలో పెట్టి గొళ్లెము వేయుట మన కెప్పటినుండియో అలవాటు. ఒకప్పుడు ఇంటిలో మూసినాము, నేడు హాస్టలులో మూయుచున్నాము. మహిళా విద్యాలయము గదా, ఇచట భయమేమి యనువారును గలరు. అచటను మార్కులు వేయువారు, జీతములిచ్చువారు, బస్సు నడుపువారు గలరు. అధికార మున్నచోట దాని దుర్వినియోగమునకును తావున్నది.

ముందుగా నివారించుట యనునది కూడ ఈ యుద్యోగినుల పనియే. మార్చి 8వ తేదీని ముగ్గులపోటీ పెట్టి, ముఖ్యాతిథిచేత స్త్రీని శక్తిగా వర్ణింపజేసి, ఫొటో తీయించుకొనుట నివారణము కాదు. ఏ మేడ మెట్లకడ దీపము లేదు? ఏ బస్సులో మొదటి సంవత్సరపు పిల్లలు ఎక్కుటకు జంకుచున్నారు? ఏ యాచార్యుని శాఖలో పరిశోధక విద్యార్థినులు ఏటేట చదువు మానుచున్నారు? ఇవి కనిపెట్టి యుండుట నివారణము. కావలివారికిని మెస్సు పనివారికిని ఏమి చూచినపుడు ఎవరికి చెప్పవలెనో నేర్పుట నివారణము. అన్నిటికి మించి, తోడివాని వెకిలి మాటకు నవ్వక, 'చాలించు' అని చెప్పగల మగపిల్లలను తయారుచేయుట నివారణము. ఈ కడపటిది ఒక యుపన్యాసముతో అగునది కాదు. ఏడాది పొడుగున చిన్న చిన్న గుంపులుగా కూర్చుండబెట్టి మాటలాడవలెను. ఆ బాలురలోనే బాధితులును ఉందురు. వారి మాట వినుటకు నేడు ఒక్క బోర్డైనను లేదు.

అమెరికాలో 1970వ దశకారంభమున ఈ పని కళాశాలాధికారులవలన మొదలు కాలేదు. బర్కిలీ ప్రాంతమున 1971లో కొందఱు స్త్రీలు తామే చేరి బాధితులకు తోడుగా ఆసుపత్రికి పోవుట ప్రారంభించిరి. తరువాత గాని విశ్వవిద్యాలయములు ఆ పనికి జీతగాండ్రను పెట్టలేదు. అచటను సంస్థ పేరును కాపాడుటకై నిజమును దాచిన యధికారులు లేకపోలేదు. కాని అచటి విద్యార్థినికి రాత్రి రెండు గంటలకు పిలిచిన పలుకు మనిషి యుండుట పెక్కుచోట్ల సాధారణమైనది.

మనదేశమున దీనికి పూర్వాచారము లేదనుట సరికాదు. వితంతు వివాహమునకు చట్టము 1856లోనే వచ్చినది. వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున తొలి వివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11న. నడుమ నిరువదియైదేండ్లు ఆ చట్టము మన తెనుగుసీమలో కాగితముపై నిద్రించెను. దానిని మేల్కొలిపినది మఱియొక చట్టము కాదు. ఆ బాలికలను తన యింట నుంచుకొని, వంటవారు మానినను, బంధువులు వెలివేసినను, దంపతుల బాగోగులను దినదినము చూచుకొన్న మనుష్యులు. పైడా రామకృష్ణయ్యగారివంటి ధనవంతులు ఆ పనికి సొమ్మిచ్చిరి. నేటి చట్టమునకును అట్టి మనుష్యులే కావలెను. భేదమేమనగా, ఇది యిప్పుడు కొందఱు పుణ్యాత్ముల దయకు విడువవలసిన పని కాదు, విద్యాలయములు జీతమిచ్చి చేయింపవలసిన పని.

వచ్చు జూన్ నెలలో మన బిడ్డలను కళాశాలలలో చేర్చునపుడు ఫీజెంత, ఫలితములెన్ని, ఉద్యోగములెన్ని యని యడుగుదుము. ఈ సారి మఱి మూడు ప్రశ్నలు గూడ వేయుడు: బాధ కలిగిన విద్యార్థి మాట వినుటకు మీరు నియమించిన ఉద్యోగిని పేరేమి? ఆమె గది యెచట, రాత్రి పిలిచిన పలుకునా? మా బిడ్డ చెప్పిన మాటను, ఆమె యనుమతి లేక మాకైనను చెప్పకుండునా? ప్రిన్సిపాలుగారు మూడవ ప్రశ్నకు ఆశ్చర్యపడుదురు. తండ్రియే ఆ ప్రశ్న వేయవలెను. ఇంటికి వచ్చి, ఆ పేరును సంఖ్యను బిడ్డ చేతికిచ్చి, 'ఏమి జరిగినను నీ చదువు మాన్పింప'మని బస్సెక్కించుటకు ముందే చెప్పవలెను.